‘అట’ అను చిన్నమాట

మైసూరు విహారయాత్రకు పోయివచ్చిన పిమ్మట మా విద్యార్థులు వ్యాసములు వ్రాసిరి. “పునీత ఫిలోమినమ్మ గ్రీకు రాజకుమార్తె. తన్ను వివాహమాడ నొల్లనందున డయోక్లీషియన్ చక్రవర్తి ఆమెను చంపించెను” అని ఒక బాలిక వ్రాసెను. నేను ‘చంపించెను’ అను మాటను ‘చంపించెనట’ అని దిద్దితిని. మరునాడు ఆమె తండ్రిగారు వచ్చి, “పంతులుగారూ, మా విశ్వాసమునే శంకించితిరా?” అని నొచ్చుకొనిరి. వారికి చెప్పిన సమాధానమునే తక్కిన తల్లిదండ్రులకును మనవి చేయుచున్నాను.

1802వ సంవత్సరము మే నెలలో రోము నగరమునందలి ప్రిసిల్లా భూగర్భ శ్మశానవాటికలో ఒక సమాధి బయల్పడెను. దానిని మూసిన మూడు మట్టిపలకలపై ‘లూమెనా – పాక్స్ తే – కుమ్ ఫీ’ అను లాటిన్ అక్షరము లుండెను. మొదటి పలకను చివరకు చేర్చి చదువగా, “ఫిలూమెనా, నీకు శాంతి కలుగుగాక” అను అర్థ మేర్పడెను. లోపల నొక చిన్న బాలిక యెముకలుండెను. పలకలపైని లంగరు, బాణముల గుర్తులను, చెంతనున్న చిన్న సీసాను చూచి ఆమె వేదసాక్షి యని తలంచిరి. దొరకిన ఆధారము లింతియే. రాజకుమార్తె కథ 1833లో నేపుల్సునందలి మరియా లూయిసా అను సన్న్యాసిని తనకు దర్శనములలో తెలిసినదని చెప్పినది. పలకలు అంతకు ముందటి వేరొక సమాధివని పురావస్తు పండితుడు మరూక్కి వాదించెను. 1837లో ఆమె పండుగకు అనుమతి నొసగిన రోమే 1961లో దానిని పంచాంగములనుండి తొలగించెను.

అయినను భక్తి తరుగలేదు. 1933లో క్రైస్తవుడు కాని నాలుగవ కృష్ణరాజ ఒడెయరు మైసూరు దేవాలయమునకు శంకుస్థాపన చేసెను. నేటికిని అన్ని మతములవారు అచ్చట దీపములు వెలిగించుచున్నారు. మన బెంగళూరు వివేకనగరమున ఒక ఆసుపత్రి ఆమె పేరు దాల్చియున్నది.

‘అట’ పరిహాసము కాదు, అవిశ్వాసమును కాదు. “నేను చూడలేదు, వింటిని” అను నిజాయితీ. “అనగా అనగా ఒక రాజు ఉండెనట” అని అవ్వ చెప్పినంతమాత్రమున ఆ కథపై మనకు ప్రేమ తగ్గినదా? మన ఇరుగుపొరుగు కన్నడమునను ‘అంతె’ యని ఇట్టి మాటయే యున్నది. ఆ బాలిక రాజకుమార్తె కాకున్నచో గౌరవమునకు తగకపోవునా? మనము వినినదానిని చూచినట్లు చెప్పుటయే ఆమెకు అపచారము.

ఆ తండ్రిగారు కొంతసేపు ఊరకుండి, “పేరైన నిజమే గదా?” అనిరి. “పలకపై నున్నది” అంటిని. వారు తలయూచి, బిడ్డ వ్యాసమును తీసికొని పోయిరి.

విద్యార్థులారా! బెంగళూరులో తెలుగెందుకని మిమ్ము నెవరైన అడిగినచో, తెలిసినదానికిని వినినదానికిని గల భేదమును ఒక్క అక్షరముతో చూపు భాష మాదని చెప్పుడు. ఆ అక్షరమును మీ వ్రాతలలో విడువకుడు.