ఉరి ఫైలు మీద మన మాట చెల్లుతుందా?

ఉరిశిక్ష పడ్డ మనిషి ప్రాణం చివరికి ఒక క్షమాభిక్ష ఫైలు మీద నిలబడుతుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 472వ సెక్షన్ ఆ ఫైలును ఇంకా బిగించింది. పిటిషన్ పెట్టుకోవడానికి 30 రోజులే గడువు. రాష్ట్రపతి గానీ గవర్నర్ గానీ ఆ నిర్ణయానికి ఎలా వచ్చారని ఏ కోర్టూ అడగకూడదట. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఏపూరు సుధాకర్ కేసులో, అడగవచ్చని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది.

అడిగితే ఏమవుతుందో చిలకలూరిపేట కేసులో చూశాం. 1993 మార్చి 8న బస్సు దహనంలో 23 మంది చనిపోయారు. ఆ ఘోరాన్ని మేం తక్కువ చేయం. ఉరిపడ్డ ఇద్దరు దళిత యువకుల పిటిషన్‌ను రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ తిరస్కరించారు. 1997లో ఉరికి తేదీ కూడా ఖరారైంది. హక్కుల సంఘాలు, మహాశ్వేతాదేవి వంటి రచయితలు కదిలారు, సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. కె.ఆర్. నారాయణన్ రాష్ట్రపతిగా ఉండగా శిక్ష యావజ్జీవమైంది. నేరం మారలేదు, సాక్ష్యం మారలేదు. మారింది బయటి ఒత్తిడి, కుర్చీలో మనిషి.

జనగామకు ఇది పాత సంగతే. పోలీసు చర్య తర్వాత మిలిటరీ పాలనలో పెట్టిన ప్రత్యేక ట్రిబ్యునళ్లు ఉరి వేసిన తెలంగాణ రైతాంగ పోరాటకారుల్లో ఇక్కడి నల్లా నర్సింహులు ఒకరు. వాళ్ల కోసం లండన్ నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చి వాదించారు. విచారణ రాజ్యాంగానికి ముందే ముగిసిందంటూ 1951లో సుప్రీంకోర్టు పిటిషన్లు కొట్టేసింది. ఆందోళన ఆగలేదు, ఉరి ఆగింది. ఆ ప్రిట్టే తర్వాత కెన్యాలో కెన్యాట్టా తరఫున నిలబడ్డారు. అక్కడ మౌ మౌ తిరుగుబాటులో బ్రిటిష్ పాలన వెయ్యి మందికి పైగా ఉరితీసింది. సొంత గడ్డ మీద హత్యకు ఉరిని 1965లో ఆపిన బ్రిటన్, తన అయిదు కరీబియన్ దీవుల చట్టంలో నుంచి తీసేయడానికి 1991 దాకా ఆగింది. లండన్‌లో జరిగిన ఆ చర్చల్లో దీవులవాళ్లకు ఓటు లేదు.

మనవాళ్ల మీద అత్యాచారం జరిగినప్పుడు ‘ఉరి తీయాలి’ అని ప్లకార్డు పట్టేదీ మనమే. ఆ కోపం న్యాయమైనదే. కానీ ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం 2016 నివేదిక ప్రకారం ఉరిశిక్ష పడ్డ ఖైదీల్లో నూటికి 74 మంది ఆర్థికంగా బలహీనులు. తాడు ఎక్కువగా పేదల ఇంటికే పోతుంది.

2022 జూన్ 2న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో జిల్లా కోర్టులు వచ్చాయి. ఉరి వేసే అధికారం ఇప్పుడు మన ఊరి పక్కనే ఉంది. జైలు మాత్రం దూరమైంది. వరంగల్ సెంట్రల్ జైలును 2021లో కూల్చేశారు. చర్లపల్లిలో ఉన్న కొడుకు ములాఖత్‌కు భూపాలపల్లి తల్లి ఒక రోజు కూలీ వదులుకోవాలి. ఆ 30 రోజుల్లో కాగితాలు ఎవరు రాస్తారు? మూడు జిల్లాల్లోని విద్యార్థి, దళిత సంఘాలు న్యాయ సేవాధికార సంస్థలను అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.