వెయ్యి ఓట్ల దూరంలో ఆగిన బస్సు

అమెరికాలో అట్లాంటా శివారున ఉన్న గ్విన్నెట్ కౌంటీ ఓటర్లు 1971, 1990, 2019లలో మార్టా రవాణా వ్యవస్థలో చేరడాన్ని, 2020, 2024లలో ప్రజా రవాణా విస్తరణను తిరస్కరించారు. 2020లో తేడా సుమారు వెయ్యి ఓట్లే.

2024 ప్రతిపాదన 30 ఏళ్లపాటు ఒక శాతం అమ్మకపు పన్ను. అది పేదల సరుకుల మీదా పడుతుందన్న అభ్యంతరాన్ని మనం కొట్టిపారేయలేము. అయితే కారు లేనివారు పనికి, ఆసుపత్రికి చేరలేకపోవడం అంతకంటే పెద్ద భారం. అక్కడి పిల్లల యొద్దకు వెళ్లిన మన తల్లిదండ్రులకు ఈ సంగతి తెలుసు.

ప్రచారకులు పటాలు చూపడంతో ఆగక, కారున్నవారి తలుపు తట్టాలి. వారు ఒప్పుకోనిదే ప్రతిపాదన గెలవదు. సంఘాలు పక్షం వహించనక్కరలేదు. కాని ఓటుకు ముందు, బండి లేక ఆదివారం ఎవరు రాలేకపోయారో లెక్క చూసుకుందాము.