సోమవారం పరిశుద్ధత

చర్చిలో సాక్ష్యాలు వింటుంటాం, "దేవుడు నాకు ఉద్యోగం ఇచ్చాడు" అని. అందరం హల్లెలూయ అంటాం. మరి రెజ్యూమెలో చూపించిన మూడేళ్ళ ఎక్స్‌పీరియన్సు డబ్బులిచ్చి కొన్నదైతే ఆ ఉద్యోగం ఎవరిచ్చినట్టు?

పరిశుద్ధత అనగానే మనవాళ్ళకి ఉపవాస ప్రార్థనలు, సినిమాలు మానెయ్యడం గుర్తొస్తాయి. మంచివే, కాదనను. కానీ వారంలో ఎక్కువ గంటలు గడిపేది ఆఫీసులోనే కదండీ!

17వ శతాబ్దంలో పారిస్‌లో బ్రదర్ లారెన్స్ అని ఒకాయన ఉండేవాడు. మాజీ సైనికుడు, కాలికి దెబ్బ. కార్మెలైట్ మఠంలో ఏళ్ళ తరబడి వంటింటి పని చేశాడు. నిజానికి ఆ పనంటే ఆయనకి ఇష్టం లేదు. అయినా ప్రార్థనలో దేవుడి ముందు ఎలా ఉండేవాడో గిన్నెల చప్పుడులో కూడా అలాగే ఉండడం నేర్చుకున్నాడు. 1691లో ఆయన పోయాక ఆ మాటలు పుస్తకంగా వచ్చాయి.

పౌలు కొలస్సయులకు రాసిన పత్రిక మూడో అధ్యాయం చూడండి. యజమాని చూడనప్పుడు కూడా మనసుపెట్టి పనిచెయ్యమని ఆయన చెప్పింది దాసులకి. వాళ్ళకే అలా చెబితే, నెలనెలా జీతం తీసుకునే మనకి మినహాయింపు ఉంటుందా?

చెయ్యని గంటలు టైమ్‌షీట్‌లో ఎక్కించకపోవడం, మన బగ్గుని జూనియర్ మీదకి నెట్టకపోవడం, అర్ధరాత్రి క్యాబ్ డ్రైవరు మీద చిరాకు పడకపోవడం... చిన్న విషయాలే, కానీ రోజూ ఎదురయ్యేవి. మనిషి మారేది అక్కడే.

రక్షణ కృప వల్లే, ఒప్పుకుంటాను. ఆ కృప మనలో పనిచేస్తోందో లేదో మాత్రం పాస్టరుగారి కన్నా ముందు పక్క సీటువాడికి తెలిసిపోతుంది.