ఒట్టు చాలదు, వైద్యం కావాలి

దొనకొండ నుంచి వినుకొండ వైపు వెళ్లే రైలు మార్గంలో కొద్ది దూరంలోనే కురిచేడు ఉంది. 2020 జులై నెలాఖరులో ఆ ఊరి పేరు దేశమంతటా వినిపించింది. కరోనా కట్టడిలో భాగంగా అక్కడ మద్యం దుకాణాలు మూతపడ్డాయి. మద్యానికి అలవాటుపడిన కొందరు శానిటైజర్‌ను నీళ్లలో, శీతల పానీయాల్లో కలుపుకొని తాగారు. కొద్ది రోజుల్లోనే పదిమందికి పైగా మరణించారు.

తాగుబోతుల తెలివితక్కువతనమని ఈ విషాదాన్ని తీసిపారేసినవారు ఎందరో ఉన్నారు. ఒక వైద్యునిగా ఆ మాటతో నేను ఏకీభవించలేను. దుకాణం మూసినంత మాత్రాన వ్యసనం మాయం కాదు. అది శరీరంలో వేళ్లూనుకున్న వ్యాధి. వ్యాధికి కావలసింది చికిత్స.

మన పొరుగునే ఉన్న నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు 1992లో సారా మీద తిరగబడ్డారు. వారి పోరాటం ఫలితంగా 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలైంది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో సడలింది. ఆ తల్లుల పోరాటం చరిత్రలో నిలిచిపోయేది. అయితే ఆనాటి నుంచీ మన చర్చ అంతా దుకాణం చుట్టూనే తిరుగుతోంది. తాగుడు మానవలసిన మనిషికి ఏ సాయం అందించాలన్న ప్రశ్న వెనకబడిపోయింది.

శరీరంలో ఏమి జరుగుతుందో చూద్దాం. మద్యం మెదడును మందగింపజేస్తుంది. ఏళ్ల తరబడి రోజూ తాగితే ఆ మందకొడితనాన్ని తట్టుకోవడానికి మెదడు తన వేగాన్ని పెంచుకుంటుంది. అకస్మాత్తుగా మద్యం ఆగిపోతే ఆ వేగానికి పగ్గాలుండవు. కొన్ని గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు. మొదటి రెండు రోజుల్లో కొందరికి మూర్ఛలు వస్తాయి. రెండు, మూడు రోజులు గడిచాక మరికొందరు లేనివి కనబడుతున్నాయని, వినబడుతున్నాయని కలవరిస్తారు, సొంత మనుషులనే గుర్తుపట్టరు. ఈ స్థితిలో చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు. కాబట్టి నిద్ర లేవగానే మద్యం పడకపోతే చేతులు వణికేవారు వైద్యుని పర్యవేక్షణ లేకుండా ఒక్కసారిగా మానకూడదు.

కార్తీకం వస్తే మన ప్రాంతంలో ఎందరో మాల ధరిస్తారు. ఆ నలభై ఒక్క రోజులు మద్యం ముట్టనివారిని చూసి ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. ఆ నిగ్రహం గొప్పది. మాల తీసిన రోజే మళ్లీ సీసా పట్టుకోకుండా, ఆ నలభై ఒక్క రోజులను తొలిమెట్టుగా చేసుకోవాలి. రోజూ విపరీతంగా తాగేవారు మాత్రం మాల వేసుకోవడానికి ముందే వైద్యుని కలవాలి. దీక్షకు వైద్యం అడ్డు కాదు, అండ.

మరొక హెచ్చరిక. భర్తకు తెలియకుండా అన్నంలో కలిపి పెట్టమని కొందరు పొడులు, మాత్రలు అమ్ముతుంటారు. దయచేసి వాటి జోలికి పోకండి. మద్యం మాన్పించే మందుల్లో డైసల్ఫిరామ్ అనేది ఒకటి. అది లోపల ఉండగా మద్యం తాగితే వాంతులు, గుండె దడ వస్తాయి, రక్తపోటు పడిపోతుంది. కొన్నిసార్లు ప్రాణాపాయం కూడా. రోగికి చెప్పకుండా ఇవ్వదగిన మందు కాదది.

మీ స్థితి ఏమిటో తెలుసుకోవడానికి ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి. తాగుడు తగ్గించాలని ఎప్పుడైనా అనిపించిందా? మీ తాగుడు గురించి ఎవరైనా ఎత్తిచూపితే చిరాకు కలిగిందా? తాగినందుకు తప్పు చేశానన్న బాధ కలిగిందా? నిద్ర లేవగానే తాగవలసి వచ్చిందా? రెండింటికి అవునని సమాధానం వస్తే వైద్యుని కలవండి.

చికిత్స కష్టమైనది కాదు. మానిన తొలి వారం వణుకు, మూర్ఛలు రాకుండా మందులు ఇస్తారు. తాగేవారిలో తరచూ లోపించే థయమిన్ విటమిన్ అందిస్తారు. ఆపైన తాగాలన్న తహతహను తగ్గించే నాల్‌ట్రెక్సోన్, అకాంప్రొసేట్ వంటి మందులు, కౌన్సెలింగ్ కొన్ని నెలలు సాగుతాయి. మధ్యలో ఒకసారి జారిపడితే అంతా అయిపోయినట్లు కాదు. చక్కెర వ్యాధి అదుపు తప్పితే రోగిని తిట్టం కదా, మందు సరిచేస్తాం. ఇక్కడా అంతే.

కూలి పనులతో బతికే దొనకొండ మనిషి ప్రతిసారీ ఒంగోలు పెద్దాసుపత్రిలోని మానసిక వైద్య విభాగం దాకా వెళ్లాలంటే రోజు కూలీ, బస్సు చార్జీ రెండూ పోతాయి. అందుకే ఈ చికిత్స ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే మొదలు కావాలన్నది నా అభిప్రాయం. మద్యం మీద వచ్చే రాబడిలో కొంత దీనికి కేటాయించడం ప్రభుత్వం బాధ్యత. అంతవరకు టెలి మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. వ్యసన విముక్తి కోసం జాతీయ సహాయ నంబరు 14446 కూడా ఉంది.

మీ ఇంట్లో తాగేవారు ఉంటే మత్తులో ఉన్నప్పుడు వాదించకండి, ఒట్టు వేయించుకోకండి. తెల్లవారి, మత్తు దిగాక, పక్కన కూర్చుని ఒకే మాట చెప్పండి: "డాక్టరు దగ్గరికి పోదాం, నేనూ వస్తాను."