ఒకే మాట, రెండు జవాబులు

మాటల గొడవ సాహిత్యం వాళ్లకి, మనకి ఈక్వేషన్ చాలు అని మన బ్రాంచ్‌లో చాలామంది అంటుంటారు. నేను ఒప్పుకోను. ఫిజిక్స్‌లో ఒక ప్రశ్నకి రెండు వ్యతిరేక జవాబులు వచ్చి, చివరికి తేడా అంతా ఒక్క మాట అర్థంలోనే ఉందని తేలిన సందర్భం ఉంది. వినండి.

సీసాలో సగం నీళ్లు, సగం నూనె పోసి, మూత బిగించి, గభాలున తలకిందులు చేయండి. ఒక్క క్షణం బరువైన నీళ్లు పైన, తేలికైన నూనె కింద ఉంటాయి. సరిహద్దులో చిన్న ముడత పడితే చాలు, నీళ్లు వేళ్లలా కిందికి దిగుతాయి, నూనె బుడగలుగా పైకి లేస్తుంది. ఇదే రేలీ–టేలర్ అస్థిరత. రేలీ 1883లో దీని లెక్క రాసినప్పుడు 'ఇన్‌కంప్రెసిబుల్' అనే మాటని పేపర్ టైటిల్‌లోనే పెట్టాడు. టేలర్ 1950లో దాన్ని ముందుకు తీసుకెళ్లాడు.

మరి ద్రవాల బదులు నొక్కితే కుదించుకుపోయే గ్యాస్‌లు ఉంటే? అస్థిరత పెరుగుతుందని కొన్ని పేపర్లు, తగ్గుతుందని కొన్ని పేపర్లు చెప్పాయి. ఈ రెండు మాటలకీ పొత్తు కుదిర్చింది 2004లో వచ్చిన డానియల్ లివెస్కు పేపర్. అందులో సంపీడ్యతకి రెండు ముఖాలు కనిపిస్తాయి.

ఒకటి, ఉన్న పరిస్థితికి సంబంధించింది. సరిహద్దు దగ్గర పీడనం తక్కువైతే గ్యాస్ తన బరువుకి తానే అణిగి, మన వాతావరణంలా కింద చిక్కగా, పైన పల్చగా సర్దుకుంటుంది. కిందికి దిగే బరువైన గ్యాస్‌కి దారిలో ఇంకా చిక్కటి గ్యాస్ ఎదురవుతుంది. ముడత నెమ్మదిగా పెరుగుతుంది.

రెండోది పదార్థం స్వభావం. దీన్ని చెప్పేది గామా, అంటే రెండు విశిష్టోష్ణాల నిష్పత్తి. గామా తగ్గితే గ్యాస్ సులువుగా నలుగుతుంది. దిగే ముద్ద నలిగి ఇంకా చిక్కబడుతుంది, లేచే బుడగ ఉబ్బి ఇంకా తేలికవుతుంది. ముడత వేగంగా పెరుగుతుంది.

ఒకటి బ్రేకు, ఇంకోటి యాక్సిలరేటర్. పేరు మాత్రం ఒకటే!

ఇది పేపర్ల మధ్య వాదనే కదా అనుకోకండి. అమెరికాలోని నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీలో 2022 డిసెంబర్ 5న 192 లేజర్లతో 2.05 మెగాజౌళ్లు పంపితే ఫ్యూజన్ నుంచి 3.15 మెగాజౌళ్లు వచ్చాయి. అక్కడ ఇంధన గుళికని నలిపేటప్పుడు పెద్ద శత్రువుల్లో ఈ అస్థిరత ఒకటి. అది పెరిగితే పై పొర పదార్థం ఇంధనంలో కలిసి దాన్ని చల్లబరుస్తుంది.

ఇందులో సీఎస్‌ఈ వాళ్లకేం పని అంటారా? సిమ్యులేషన్ కోడ్ రాసేవాళ్లలో మనమూ ఉంటాం. 'ఇన్‌కంప్రెసిబుల్' అని టిక్ పెడితే కోడ్ ఎర్రర్ ఇవ్వదు, అందమైన యానిమేషన్ ఇస్తుంది. అది ఏ ప్రశ్నకి జవాబో మాత్రం చెప్పదు.

నాలాంటి ఇంగ్లిష్ మీడియం వాళ్ల నోట్లో 'కంప్రెసిబుల్' ఇట్టే తిరుగుతుంది. అదే తెలుగులో చెప్పాలంటే ఏది అణుగుతోంది, ఏది నలుగుతోంది అని ముందు తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడమే సగం ఫిజిక్స్. అందుకే నా ప్రపోజల్ ఇది: ప్రాజెక్ట్ రిపోర్టులో మనం ఏం అనుకుని మొదలుపెట్టామో పదిహేనో పేజీలో చిన్న అక్షరాల్లో దాచొద్దు. రేలీలా టైటిల్‌లోనే పెడదాం, మన మాటల్లో.