బృందగానంలో మనవాళ్లేరి?

హైస్కూల్లో బృందగానం పాడేవాళ్లకు ఏడాదంతా పనే. ఆగస్టు 15, సెప్టెంబరు 5, నవంబరు 14, జనవరి 26, ఆపైన స్కూలు వార్షికోత్సవం. ప్రతిదానికీ వారం ముందునుంచి ప్రాక్టీసు. అదెప్పుడు? సాయంత్రం లాంగ్‌బెల్ కొట్టాక. సరిగ్గా అప్పుడే మన తమ్ముళ్లు హాస్టలుకు చేరి హాజరు పలకాలి, స్టడీ అవర్లో కూర్చోవాలి. అందుకే ఆ వరుసలో హాస్టలు పిల్లలు తక్కువ. గొంతుల్లేక కాదు, పొద్దున్నే నీళ్ల ట్యాంకు దగ్గర నిలబడి వింటే తెలుస్తుంది.

డాన్సుకు డ్రెస్సు అద్దె కట్టాలి. సోలో పాటకు ఇంట్లో సంగీతం నేర్చుకున్నవాళ్లే ముందుంటారు. బృందగానానికి యూనిఫాం చాలు. పైసా ఖర్చు లేకుండా మనవాడు స్టేజీ ఎక్కే దారి అదొక్కటే. హాజరుపట్టీ కోసం దాన్ని మూసేయడం అన్యాయమని నా అభిప్రాయం.

చిత్తూరులో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ మద్రాస్ యూత్ కాయిర్‌తో ఒకే పాటను వేర్వేరు స్వరాల్లో కలిపి పాడించారు. మనకు అంత అక్కర్లేదు, అందరూ ఒకే శ్రుతిలో నిలిస్తే చాలు.

వార్డెన్ గారు ఆ వారంరోజులు గంటసేపు అనుమతి ఇవ్వాలి. లేదంటే ప్రాక్టీసు మన హాస్టల్లోనే పెట్టమని హెడ్మాస్టరు గారిని అడగాలి. పూర్వ విద్యార్థులైన అన్నలు ఫ్యాన్లు ఇస్తే సంతోషమే, కానీ ఈసారి ఒక హార్మోనియం ఇప్పించండి. పదో తరగతి వాళ్లను మాత్రం జనవరి 26 తర్వాత పిలవొద్దు, పరీక్షలున్నాయి.