అది బద్ధకం కాదు

కాన్పంటే ఆడదానికి మరో జన్మ అంటారు. కాన్పులో విపరీతంగా రక్తం పోయి బతికి బయటపడ్డ తల్లిని చూసి 'గండం గడిచింది' అనుకుంటాం. కొందరికి అసలు గండం అప్పుడే మొదలవుతుంది. పాలు పడవు. ముట్టు మళ్ళీ రాదు. చంకల్లో వెంట్రుకలు రాలిపోతాయి. ఎండాకాలంలోనూ చలి. లేచి నిలబడితే కళ్ళు తిరుగుతాయి. ఇంట్లోవాళ్ళు ఇచ్చే బిరుదు మాత్రం 'ఒళ్ళొంగని మనిషి'!

ఈ జబ్బు పేరు షీహన్ సిండ్రోమ్. ఇంగ్లండుకు చెందిన డాక్టర్ హెరాల్డ్ షీహన్ 1937లోనే దీన్ని వివరించాడు. మెదడు అడుగున శనగగింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి గర్భిణిలో పెరుగుతుంది. రక్తం ఒక్కసారిగా పోయినప్పుడు సరఫరా అందక అది దెబ్బతింటుంది. దాని ఆజ్ఞ మీద నడిచే థైరాయిడ్, ఎడ్రినల్, అండాశయాలు మందగిస్తాయి. ఇదెక్కడో అరుదుగా వచ్చే జబ్బనుకోనక్కరలేదు. కాశ్మీర్ లోయలో జరిపి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, పిల్లల్ని కన్న స్త్రీలలో సుమారు 3 శాతం మందికి ఇది ఉన్నట్టు తేలింది.

చికిత్స ఉంది. కానీ అందరికీ ఒకే చీటీ పనికిరాదు. ముందు హైడ్రోకార్టిసోన్ మాత్ర. సాధారణంగా రోజుకు 15 నుంచి 20 మిల్లీగ్రాములు, రెండు మూడు సార్లుగా, పొద్దున ఎక్కువ. ఆ తర్వాతే థైరాయిడ్ మాత్ర. ఈ వరస తిరగబడితే ప్రాణం మీదికొస్తుంది. ఈ జబ్బులో టి.ఎస్.హెచ్. ఒక్కటి చూసి 'థైరాయిడ్ బాగానే ఉంది' అనడానికి వీల్లేదు. టి4 కూడా చూడాలి. వయసులో ఉన్నామెకు ఈస్ట్రోజెన్ కావాలి, గర్భసంచి ఉంటే దానికి తోడు ప్రొజెస్టిరాన్. యాభై దాటినామెకు మామూలుగా ఆ అవసరం ఉండదు. ఇంకో బిడ్డ కావాలనుకునే ఆమె చికిత్స దారే వేరు. పక్కింటావిడ మోతాదు మనకి సరిపోదు. మన నిన్నటి మోతాదు కూడా ఇవాళ జ్వరమొస్తే చాలదు, డాక్టరు చెప్పిన ప్రకారం పెంచాల్సిందే. వాంతులై మాత్ర నిలవకపోతే ఆలస్యం చేయకుండా ఇంజెక్షన్ పడాలి.

ఇక్కడే మనవాళ్ళు పొరపడుతున్నారు. 'స్టెరాయిడా? ఒళ్ళు పాడవుతుంది, మానెయ్' అనే సలహాలకి కొదవలేదు. దమ్ముకో, నొప్పులకో ఎక్కువ మోతాదులో వాడేది వేరు. ఒంట్లో తయారు కానిదాన్ని ఆ మేరకు బయటినుంచి ఇవ్వడం వేరు. అన్నం మానెయ్యమని ఎవరైనా చెప్తారా? ఈమెకి ఆ మాత్ర కూడా అంతే, హఠాత్తుగా మానితే ప్రాణాపాయం. ఆ సంగతి రాసిన చీటీ ఒకటి ఎప్పుడూ ఆమె సంచిలో ఉండాలి, ఇంట్లో అందరికీ తెలిసుండాలి.

ఏళ్ళ తరబడి నీరసమంటూ వచ్చే స్త్రీకి బలం మందు రాసిచ్చి పంపే డాక్టర్లను కోరేది ఒక్కటే. 'కాన్పులో రక్తం బాగా పోయిందా? పాలు పడ్డాయా?' అని అడగండి. ఆ రెండు ప్రశ్నలకి ఖర్చేమీ లేదు. అత్తలూ, భర్తలూ కూడా అడగొచ్చు. 'బద్ధకం' అనే ముద్ర వేయడానికి ముందు.